ఐదోసారి చెప్పాక

ఆ అమ్మాయి మా ముందు కూర్చునేసరికే అదే సంగతి నలుగురికి చెప్పి ఉంది. వినడంలో మేం ఐదోవాళ్లం. ఈ లెక్క నాకు విచారణ సగంలో గానీ తట్టలేదు. తట్టాక ఫైలు మళ్లీ మొదటి పేజీ నుంచి చదివాను. ఈసారి కోచ్ ఏం చేశాడన్నది పక్కనపెట్టి, విన్నవాళ్లు ఏం చేశారన్నదే చూశాను. ఈ కేసు రాయాలనిపించింది అందుకే.

నేను నాలుగు కాలేజీల్లో లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే ఇంటర్నల్ కంప్లయింట్స్ కమిటీకి (ఐసీసీకి) బయటి సభ్యురాలిని. వృత్తికి లాయర్ని. కమిటీలో ఒకరైనా ఆ సంస్థ జీతం తినని మనిషి ఉండాలని చట్టం చెబుతుంది కాబట్టి నాలాంటివాళ్లకి ఆ కుర్చీ దొరుకుతుంది. ఇది ఒక జిల్లా కేంద్రంలోని డిగ్రీ కాలేజీలో జరిగింది. ఆడపిల్లల హాస్టల్, దాని వెనక మట్టి ట్రాక్. అథ్లెటిక్స్‌లో ఆ చుట్టుపక్కల మంచి పేరున్న కాలేజీ. గుర్తుపట్టే వీల్లేకుండా కొన్ని వివరాలు మార్చాను. రాసింది ఆ అమ్మాయికి చదివి వినిపించాను. రెండు చోట్ల "ఇది తీసెయ్యండి మేడమ్" అంది. తీసేశాను.

కాలేజీ వరండాలో కమిటీ బోర్డు ఒకటి ఉంది. అందులో ఏడు పేర్లు. ఇద్దరు రిటైరయ్యారు, ఒకావిడ బదిలీ మీద వెళ్లిపోయింది. ఫోన్ నంబరు ఆ బదిలీ అయినావిడదే. "ఐసీసీ అని ఉంటే క్రికెట్‌దేమో అనుకున్నాం మేడమ్" అంది తర్వాత ఒక పిల్ల. నవ్వాను గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

మొదటి నలుగురు

అమ్మాయిది సెకండియర్. నాలుగు వందల మీటర్లు పరిగెత్తుతుంది. కోచ్ ఒకప్పుడు రాష్ట్ర స్థాయి రన్నర్. కాలేజీలో గౌరవ వేతనం మీద పనిచేస్తున్నాడు. ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలు కొందరు స్పోర్ట్స్ కోటాలో కానిస్టేబుళ్లయ్యారు, రైల్వేలో చేరారు. మగపిల్లలు గ్రౌండులోకి రాగానే ఆయన కాళ్లకి దండం పెడతారు. యూనివర్సిటీ తరఫున ఆడినట్టు ఇచ్చే, స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి అడిగే ఫారం-3 మీద సంతకం ఆయనది కాదు. సెలెక్షన్‌కి పేరు పంపేది మాత్రం ఆయనే. పేదింటి పిల్లకి ఆ కాగితం విలువేమిటో తెలిస్తే తప్ప ఈ కేసులో మౌనం అర్థం కాదు.

నవంబరులో పొరుగు రాష్ట్రంలో ఒక మీట్‌కి జట్టు రాత్రి రైల్లో వెళ్లింది. ఆరుగురు ఆడపిల్లలు, కోచ్, ఒక స్టోర్ అటెండర్. ఆడమనిషి ఎవరూ తోడు లేరు. ప్రయాణంలో జరిగింది, అంతకుముందు స్ట్రెచింగ్ పేరుతో కిట్ గదిలో జరుగుతూ వచ్చింది, ఇవే ఫిర్యాదులోని విషయాలు. అంతకుమించి ఇక్కడ రాయను. చదివేవాళ్లకి దానితో పనిలేదు.

తిరిగొచ్చిన మూడో రోజు ఆమె జట్టు కెప్టెన్‌కి చెప్పింది. కెప్టెన్ ఫైనలియర్. "నాతోనూ అంతే. సెలెక్షన్ అయ్యేదాకా ఓర్చుకో, ఆ తర్వాత ఆయనతో మనకేం పని" అంది. అంతటితో ఆగలేదు. 2023 మేలో ఢిల్లీలో లైంగిక వేధింపుల మీద ధర్నా చేస్తున్న రెజ్లర్లని పోలీసులు రోడ్డు మీద ఈడ్చుకెళ్లడం టీవీలో చూసిన పిల్ల కదా. "పతకాలు తెచ్చినవాళ్ల గతే అట్లా ఉంటే మనమెంత?" అంది. ఆ కెప్టెన్‌ని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. రెండేళ్ల కింద తను వేసుకున్న లెక్కే చెల్లెలిలాంటి ఈ జూనియర్‌కీ చెప్పింది.

డిసెంబరులో వార్డెన్ దగ్గరికి వెళ్లింది, సాయంత్రం ప్రాక్టీసు నుంచి మినహాయింపు కావాలని. ఎందుకని అడిగితే "సార్ స్ట్రెచింగ్ చేయించే పద్ధతి నాకు నచ్చట్లేదు మేడమ్" అంది. "కోచ్ అన్నాక ముట్టుకోకుండా నేర్పుతాడా అమ్మా? డాక్టర్ దగ్గర కూడా ఇట్లాగే అంటావా?" అని వార్డెన్ జవాబు. మేం అడిగినప్పుడు వార్డెన్‌కి ఈ సంభాషణే గుర్తు లేదు. అబద్ధమాడుతోందని నేను అనుకోను. రోజుకి నలభై మంది మినహాయింపులు అడిగే గదిలో "నచ్చట్లేదు" అన్న మాట ఎక్కడ నిలుస్తుంది?

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఇన్నేళ్లలో ఏ పిల్లా నా ముందుకొచ్చి "నాపై లైంగిక వేధింపు జరిగింది" అనలేదు. ఆ మాట ఫారంలో ఉంటుంది, నోట్లో ఉండదు. నోట్లో ఉండేవి వేరే మాటలు: ఇబ్బందిగా ఉంది, అదోలా చూస్తాడు, నాకు నచ్చట్లేదు, కాలు నొప్పి, ఇంక గేమ్స్‌కి రాను. హాజరు పట్టీలో ఈ మాటలన్నీ "ఏ" (ఆబ్సెంట్) అనే ఒక్క అక్షరమైపోతాయి. ఆ కాలేజీ ప్రాక్టీసు రిజిస్టరు తెప్పించి చూశాను. డిసెంబరు నుంచి నలుగురు ఆడపిల్లల వరసలో, సాయంత్రం ప్రాక్టీసు కిట్ గది పక్కన జరిగే రోజుల్లోనే, ఎర్ర సిరాతో "ఏ"లు పడి ఉన్నాయి. పొద్దున ట్రాక్ మీద అందరితో కలిసి చేసే రోజుల్లో నలుగురూ హాజరు. రిజిస్టరు మీద నెలనెలా సంతకం చేసినవాళ్లున్నారు. అడ్డంగా కూడి చూసినవాళ్లు లేరు.

మూడోసారి సంక్రాంతి సెలవుల్లో వాళ్లమ్మతో చెప్పింది. పొయ్యి మీద అరిసెల పాకం ఉంది. తల్లి గరిటె తిప్పుతూనే విని, "ఆటలూ వద్దు ఏమీ వద్దు. టీసీ తీసుకుని వచ్చెయ్. నాన్నకి మాత్రం చెప్పకు" అంది. ఆ అమ్మాయికి నోరు తెరిచినందుకు దొరికిన ఫలితం చదువు ఆగిపోవడం. వెంటనే మాట మార్చేసి, "అదేం లేదులే అమ్మా, అలిసిపోయి అన్నాను" అని సర్దేసింది. ఆ తల్లితో మార్చిలో మాట్లాడాను. "పాకం ముదిరిపోతుందేమోనని దాన్నే చూశానండీ. పిల్ల మొహం చూళ్లేదు" అంది. నా నోట్సులో ఆ మాట కింద గీత గీసుకున్నాను.

నాలుగో మనిషి బోటనీ లెక్చరర్, కాంట్రాక్టు ఉద్యోగిని, చేరి రెండేళ్లు. ఫిబ్రవరి చివర్లో వరసగా వారం రోజులు సాయంత్రం ఐదున్నరకి ఈ అమ్మాయి ల్యాబ్‌లోనే ఉండి హెర్బేరియం షీట్లు అంటించడం గమనించింది.

"గ్రౌండుకి పోలేదా?"

"కాలు నొప్పి మేడమ్."

"పొద్దున మెట్లు రెండేసి ఎక్కుతున్నావు కదమ్మా."

అమ్మాయి మాట్లాడలేదు. లెక్చరర్ గుచ్చి అడగలేదు. "సరే. రేపు కూడా ఇక్కడే కూర్చో. చెప్పాలనిపిస్తే చెప్పు, లేదంటే ఆకులు అంటించు" అంది. మూడో రోజు, తంగేడు కొమ్మకి టేపు వేస్తూ తల ఎత్తకుండా, అమ్మాయి మొత్తం చెప్పింది. లెక్చరర్ మధ్యలో అడ్డు రాలేదు. ఆఖర్న రెండే మాటలంది: "చెప్పి మంచి పని చేశావు. ఇప్పుడు ఏం చేద్దామో నువ్వు చెప్పు, తెలియకపోతే ఇద్దరం కలిసి కనుక్కుందాం." ఆ రాత్రి గదికి వెళ్లి, విన్నది విన్నట్టు, ఆ అమ్మాయి వాడిన మాటలతోనే, తేదీ టైము వేసి డైరీలో రాసుకుంది. తన అభిప్రాయం ఒక్క వాక్యం కూడా కలపలేదు. విచారణలో ఆ రెండు పేజీలు మాకు ఎంత పనికొచ్చాయో చెప్పలేను.

అవగాహన శిక్షణ తీసుకున్నట్టు సర్టిఫికెట్ ఉన్నది వార్డెన్‌కి. ఈవిడకి ఏ శిక్షణా లేదు.

అమెరికాలో పంతొమ్మిదేళ్లు

కమిటీ సభ్యులకి నేను పాఠం చెప్పేటప్పుడు మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ సంగతి తప్పకుండా చెబుతాను. లారీ నాసర్ అక్కడ స్పోర్ట్స్ డాక్టరు, అమెరికా జాతీయ జిమ్నాస్టిక్స్ జట్టుకి కూడా. వైద్యం పేరుతో ఆడపిల్లలని లైంగికంగా వేధించాడు. చాలామందికి ఈ కథ చివరి నుంచే తెలుసు: 2018 జనవరిలో కోర్టులో ఏడు రోజుల పాటు 156 మంది ఒకరి తర్వాత ఒకరు లేచి మాట్లాడటం, 40 నుంచి 175 ఏళ్ల శిక్ష, అదే ఏడాది యూనివర్సిటీ 332 మందికి, ముందుముందు వచ్చే ఫిర్యాదులకి కలిపి 50 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకోవడం. నేను మొదటి నుంచి చెబుతాను. 1997లోనే పదహారేళ్ల జిమ్నాస్టు ఒకమ్మాయి యూనివర్సిటీ జిమ్నాస్టిక్స్ కోచ్‌కి చెప్పింది. నువ్వు పొరబడ్డావు, అది వైద్యం అన్న ధోరణిలో ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఇండియానాపొలిస్ స్టార్ పత్రికలో వార్త వచ్చి సంగతి లోకానికి తెలిసింది 2016 సెప్టెంబరులో. మధ్యలో పంతొమ్మిదేళ్లు.

ఆ మధ్యలో 2014 ఉంది. నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. ఆ ఏడాది ఒక యువతి ఫిర్యాదు చేస్తే యూనివర్సిటీ విచారణ జరిపింది. అభిప్రాయం అడిగిన వైద్య నిపుణులంతా ఆ యూనివర్సిటీ మనుషులే. అది వైద్య పద్ధతేనని తేల్చేశారు. అయినా కొన్ని షరతులు పెట్టి అతన్ని మళ్లీ పనిలోకి తీసుకున్నారు: సున్నితమైన చికిత్స చేసేటప్పుడు గదిలో ఇంకొకరు ఉండాలి, అలాంటివి. ఆ షరతులు పాటిస్తున్నాడా లేదా అని చూసినవాళ్లు లేరు. రెండేళ్లు గడిచాయి. మా కాలేజీ కేసు దగ్గరికి ఈ షరతుల సంగతి మళ్లీ వస్తుంది.

"డాక్టర్ దగ్గర కూడా ఇట్లాగే అంటావా" అన్న వార్డెన్ మాట విన్నప్పుడు నాకు మిషిగన్ గుర్తుకురావడంలో వింతేముంది?

కాగితం మీదకి రావడం

మార్చి రెండో వారంలో ఫిర్యాదు అందింది. రాసింది ఆ అమ్మాయే. అక్షరాలు వణికాయి, రెండు చోట్ల ఆగిపోయింది. ఫిర్యాదు రాయడంలో సాయం చేయడం కమిటీ బాధ్యత అని 2015 యూజీసీ నిబంధనల్లోనే ఉంది. మేం చేసిన సాయం పక్కన కూర్చోవడం, తేదీలు గుర్తు చేసుకోవడానికి రైలు టిక్కెట్టు, హాస్టల్ ఔట్‌పాస్ ముందు పెట్టడం. మాటలు ఆమెవే ఉంచాం. ఇంగ్లిష్‌లో రాయమని ప్రిన్సిపాల్ ఆఫీసు నుంచి సూచన వచ్చింది. తెలుగులోనే ఉంచాం.

మొదటి అడ్డు గడువు. ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు రావాలి. ఇక్కడ రైలు ప్రయాణం జరిగి నాలుగు నెలలు దాటింది. జనవరిలో కోచ్ పంపిన "ప్రాక్టీసుకి రాకపోతే పేరు పంపను" అన్న మెసేజి ఉంది కాబట్టి వేధింపు అప్పటిదాకా సాగిందని వాదించవచ్చు. అయినా మేం దాని మీద ఆధారపడలేదు. కమిటీకి ఇంకో మూడు నెలలు పొడిగించే అధికారం ఉంది, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేస్తే చాలు. సెలెక్షన్ ఆయన చేతిలో ఉన్నన్నాళ్లూ ఆమె ఫిర్యాదు చేయగల స్థితిలో లేదని అరపేజీ రాశాం. చాలా కమిటీలు ఈ అరపేజీ రాయడానికి బద్ధకించి ఫిర్యాదు తిప్పి పంపేస్తాయి.

రెండో అడ్డు ప్రిన్సిపాల్. మనిషి చెడ్డవాడు కాదు, భయస్థుడు. "ఆయన మా ఉద్యోగి కాడు మేడమ్, గౌరవ వేతనం. పైగా జరిగింది రైల్లో, క్యాంపస్‌లో కాదు" అన్నాడు. జీతమున్నా లేకపోయినా, తాత్కాలికమైనా, స్వచ్ఛందంగా వచ్చి పనిచేసినా ఉద్యోగి కిందికే వస్తారు. విద్యార్థి హోదాలో వెళ్లిన క్రీడా పోటీలూ క్యాంపస్ కిందికే వస్తాయి, సంస్థ ఏర్పాటు చేసిన ప్రయాణమూ అంతే. పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం, పనిచేసే చోటు అంటే ఏమిటో చెబుతూ స్టేడియం, క్రీడా ప్రాంగణం, పోటీ జరిగే వేదిక అని విడిగా పేర్లు పెట్టి మరీ రాసింది. ఆ పేజీ ఫొటోకాపీ తీసి ఆయన టేబుల్ మీద పెట్టాను. దాని మీద పేపర్‌వెయిట్ పెట్టి చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

మధ్యంతర ఉపశమనం అదే రోజు అడిగాం. నిందితుడు ఫిర్యాదుదారు పనితీరుని, పరీక్షల్ని మదింపు చేయకుండా ఆపమని సిఫార్సు చేసే వీలుంది. సెలెక్షన్ ట్రయల్ కూడా మదింపే కదా. కోచ్‌ని గ్రౌండుకి రావద్దన్నారు.

"స్ట్రెచింగ్ ఎట్లా చేయిస్తారు?"

ఆటల్లో వేధింపు కేసు మామూలు ఆఫీసు కేసు లాంటిది కాదు. ఇక్కడ ముట్టుకోవడం పనిలో భాగం. తొడ కండరం పట్టేసిన పిల్ల కాలు ఎత్తిపట్టి సాగదీస్తారు. హై జంప్ నేర్పేటప్పుడు నడుము తిప్పి చూపిస్తారు. కోచ్ తన జవాబులో సరిగ్గా ఇదే రాశాడు: నేను ముట్టుకున్నది వృత్తిరీత్యా.

దీనికి మేం వెతికిన దారి చాలా మామూలుది. ఫిర్యాదు సంగతి ఎత్తకుండా తొమ్మిది మంది అథ్లెట్లని, అందులో నలుగురు మగపిల్లలని, ఒకే ప్రశ్న అడిగాం: "సార్ మీకు స్ట్రెచింగ్ ఎట్లా చేయిస్తారు? ఎక్కడ, ఎప్పుడు, పక్కన ఎవరుంటారు?" మగపిల్లలంతా ఒకటే చెప్పారు: ట్రాక్ పక్కన మ్యాట్ మీద, అందరి ముందు, ఎక్కువగా ఒకరికొకరు చేసుకుంటారు, సార్ పక్కన నిలబడి "ఇంకా వంచు" అంటారు. ఆడపిల్లల్లో ఒకరు అలాగే చెప్పారు. నలుగురు మాత్రం కిట్ గదిలో, ఒంటరిగా, తలుపు వేసి అన్నారు. కండరం ఒకటే, వ్యాయామం ఒకటే. తలుపు ఎవరికి మూతపడిందో అదే తేడా. నిందితుడి మనసులో ఏముందో తేల్చాల్సిన అవసరం మాకు తగ్గిపోయింది.

కిట్ గది చూడటానికి వెళ్లాం. హర్డిల్స్, డిస్కస్‌లు, జావెలిన్‌ల కట్ట, చెమట వాసన పట్టిన పాత ట్రాక్‌సూట్లు. బయట తాళం గొళ్లెం ఉండాల్సిందే, సామాను దాచే గది కదా. కానీ తలుపుకి లోపలి వైపు కూడా ఒక గడియ, కొత్తది, ఇత్తడిది, మెరుస్తూ ఉంది. సామాను గదికి లోపలి నుంచి గడియ ఎందుకు? స్టోర్ అటెండర్‌ని అడిగాం. "సార్ పెట్టించమన్నారండీ" అన్నాడు. ఎప్పుడని అడిగితే దసరా సెలవుల తర్వాత అన్నాడు. ఆ మాట రాసుకుని అతనితో సంతకం పెట్టించుకున్నాం.

కోచ్ రెండో వాదన ఫామ్. "అమ్మాయి టైమింగ్ పడిపోయింది. జట్టులోంచి తీసేస్తానన్నాను, ఆ కక్షతో రాసింది." సాక్ష్యంగా తన టైమింగ్ పుస్తకం ఇచ్చాడు. అది ఆయనకే ఎదురు తిరిగింది. అక్టోబరులో 61.2 సెకన్లు. నవంబరు మీట్ నుంచి వచ్చాక 64.9. డిసెంబరులో 66. జనవరిలో గీత. ఆయన తీసేస్తానని చెప్పింది జనవరిలో. పిల్ల పరుగు తగ్గింది అంతకు రెండు నెలల ముందు, మీట్ నుంచి వచ్చిన వారంలో. పక్కన ఆయన చేతిరాతతోనే "హ్యామ్‌స్ట్రింగ్" అని కారణం రాసి ఉంది. హాస్టల్ మందుల రిజిస్టరులో గానీ, గ్రౌండుకొచ్చే ఫిజియో చీటీల్లో గానీ ఆ గాయం ఎక్కడా లేదు.

నిందితుడి హక్కుల విషయంలో నేను గట్టిగా ఉంటాను, కొందరికి నచ్చకపోయినా. ఫిర్యాదు ప్రతి ఏడు రోజుల్లో ఆయనకి ఇచ్చాం, పది రోజులు జవాబుకి ఇచ్చాం, సాక్షులకి ఆయన అడగదలచిన ప్రశ్నలు రాతపూర్వకంగా తీసుకుని అధ్యక్షురాలి ద్వారా అడిగించాం. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టలేదు. 2023 మేలో గోవా యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: విచారణని హడావుడిగా ముగించేస్తే సహజ న్యాయం దెబ్బతింటుంది. అప్పుడు ఫిర్యాదు చేసినవాళ్లే మళ్లీ మొదటికి వస్తారు. విచారణకి నిబంధనలు తొంభై రోజులు ఇచ్చింది వాడుకోవడానికే.

నా తప్పు

ఆ నలుగురు ఆడపిల్లల్లో ఒకరు ఫస్టియర్, లాంగ్ జంపర్. సాక్షిగా పిలిచాం. బాగా భయపడి ఉంది. ధైర్యం చెప్పాలని నేనే అన్నాను: "ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుందమ్మా."

చెప్పింది. ఆమెకి జరిగింది మొదటి అమ్మాయి ఫిర్యాదు కన్నా తీవ్రమైనది. చెప్పడం అయిపోయాక వాంగ్మూలం కాగితం మీద వివరాలు నింపుతూ పుట్టిన తేదీ అడిగాను. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఘటన నాటికి పదిహేడేళ్ల ఐదు నెలలు.

కాలేజీ అనగానే అందరూ పెద్దవాళ్లే అనుకుంటాం. ఇంటర్ అయి డిగ్రీలో చేరే పిల్లల్లో చాలామందికి మొదటి ఏడాది పద్దెనిమిది నిండదు. నిండకపోతే పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం. ఆ చట్టంలో 19వ సెక్షన్ కింద తెలిసిన ప్రతి మనిషీ పోలీసులకి గానీ ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు, సంస్థ అధిపతి దాచితే ఏడాది వరకు. కమిటీ రిపోర్టు వచ్చేదాకా ఆగడం, పిల్ల ఒప్పుకోలేదని ఊరుకోవడం, ఈ రెండింటికీ చట్టంలో చోటు లేదు.

ఆ సంగతి ఆమెకి చెప్పాల్సింది నేనే. చెప్పాను. ఆ పిల్ల నా వైపు చూసి, "మీరే కదా మేడమ్ ఎవరికీ చెప్పనన్నారు" అంది. కోపంగా కాదు. పరీక్షలో చెప్పిన పాఠం కాకుండా వేరే ప్రశ్న వచ్చినప్పుడు పిల్లలు టీచర్ని చూసినట్టు చూసింది.

ఇప్పుడు నేను మొదట వయసు అడుగుతాను. ఆ తర్వాత ఇలా అంటాను: "నువ్వు చెప్పేది ఊళ్లో పడనివ్వను. కానీ నీకు పద్దెనిమిది నిండకపోయినా, నీ ప్రాణానికి ముప్పున్నా కొందరికి చెప్పక తప్పదు. ఎవరికి, ఎప్పుడు చెబుతానో ముందు నీకే చెబుతాను. ఇప్పుడు ఎంత చెప్పాలో నువ్వే చూసుకో." ఇంత పొడుగు మాట చెబితే పిల్లలు బిగుసుకుపోరా అని సహ సభ్యులు అడిగారు. కొందరు బిగుసుకుంటారు. వాళ్లు ఇంకో రోజు వస్తారు. మాట తప్పినవాళ్ల దగ్గరికి మాత్రం ఇక రారు.

ఆ సాయంత్రం ఆమెతో మూడు గంటలు కూర్చున్నాను. తప్పించుకోలేనిది ఏదో, ఆమె చేతిలో ఉన్నది ఏదో విడదీసి చెప్పాను. పోలీసులకి చెప్పడం తప్పదు. కానీ వాంగ్మూలం స్టేషన్‌లో ఇవ్వక్కర్లేదు, తను కోరిన చోట ఇవ్వొచ్చు. వచ్చేవాళ్లు యూనిఫాంలో రాకూడదు. తను నమ్మే మనిషి పక్కన ఉండొచ్చు. ఆమె పిన్నిగారిల్లు అంది. మర్నాడు మహిళా ఎస్సై చీరలో ఆ ఇంటికి వచ్చింది. పిన్ని ఆవిడకి కాఫీ పెట్టింది. ఇరుగుపొరుగు చుట్టాలనుకున్నారు. నాలుగు నియమాలు సరిగ్గా పాటిస్తే ఎంత తేడా వస్తుందో ఆ కాఫీ గ్లాసు చూస్తే తెలిసింది. ఆ కేసు ఇప్పుడు కోర్టులో ఉంది కాబట్టి అంతకుమించి చెప్పను.

ఆ అమ్మాయి నన్ను క్షమించిందో లేదో నేను అడగలేదు.

జట్టు

కోచ్‌ని ఆపిన మూడో రోజు నుంచి హాస్టల్ మెస్‌లో మొదటి అమ్మాయి పక్కన ఎవరూ కూర్చోలేదు. రిలే జట్టులోని ఒకమ్మాయి మొహం మీదే అంది: "నీ ఒక్కదాని వల్ల మా అందరి ఏడాదీ పోయింది." ఇది దుర్మార్గం అనుకుంటే పొరపాటు. మీట్ ఆరు వారాల్లో ఉంది, నేర్పేవాడు లేడు. పిల్లల నష్టం నిజమైనదే. ఆ నష్టం పూడ్చకుండా ప్రతీకారం తప్పు అని క్లాసు పీకితే ఏం లాభం? పక్క ఊళ్లో రిటైరైన పీడీ (ఫిజికల్ డైరెక్టర్) మేడమ్ ఒకావిడ ఉంది. ఆమెని ఆటోలో తీసుకొచ్చి తాత్కాలికంగా పెట్టించడానికి కాలేజీకి పది రోజులు పట్టింది. ఆ పది రోజుల్లో ఫిర్యాదుదారుకి జరిగిన నష్టం మేం ఆపలేకపోయాం. ఇప్పుడైతే మధ్యంతర ఉత్తర్వులోనే రెండు వాక్యాలు రాయిస్తాను: ఇతన్ని ఆపండి, రేపటి నుంచి ఫలానావారు నేర్పుతారు.

మెస్‌లో ఆమె పక్కకి మొదట వచ్చి కూర్చున్నది కెప్టెన్. కంచం తెచ్చుకుని కూర్చుంది, ఏమీ మాట్లాడలేదట. వారం తర్వాత తన వాంగ్మూలం తనే ఇచ్చింది.

గడియ పీకాక

ఆరోపణలు రుజువయ్యాయని కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది. కోచ్‌తో ఒప్పందం రద్దయింది, యూనివర్సిటీ క్రీడా విభాగానికి లేఖ వెళ్లింది. వేరే కాలేజీలో చేరకుండా ఉండాలంటే ఆ లేఖే ముఖ్యం. చాలా చోట్ల "వ్యక్తిగత కారణాలతో" రాజీనామా చేయించి సాగనంపుతారు, మనిషి పక్క జిల్లాలో మళ్లీ విజిల్ వేస్తుంటాడు.

మిగతా సిఫార్సుల్లో ఎక్కువ భాగం వడ్రంగి పనీ గుమాస్తా పనీ. కిట్ గది లోపలి గడియ పీకించాం, తలుపు పైభాగంలో అద్దం పెట్టించాం. స్ట్రెచింగ్ ట్రాక్ పక్కనే, ముట్టుకునే ముందు ఎక్కడ ఎందుకో చెప్పి అడగాలి, వద్దంటే తోటి పిల్లతో చేయించాలి. ఆడపిల్లల జట్టు ఊరు దాటితే సిబ్బందిలో ఒక ఆడమనిషి ఉండాలి, బెర్తుల పట్టిక ముందురోజే హాస్టల్‌కి ఇవ్వాలి. విడిగా మెసేజిలు వద్దు, గ్రూపులోనే. సెలెక్షన్ ట్రయల్ టైమింగులు ముగ్గురి సంతకాలతో అదే రోజు నోటీసు బోర్డు మీద పెట్టాలి. నా దృష్టిలో ఈ చివరిదే అన్నిటికన్నా పదునైనది. పేరు పంపడం ఒక్క మనిషి జేబులో ఉన్నంతకాలం ఆ మనిషిని కాదనే ధైర్యం పిల్లలకి రాదు. టైమింగు గోడ మీద ఉంటే ఓర్చుకోమని కెప్టెన్ ఎవరికీ చెప్పక్కర్లేదు. మగపిల్లలకీ ఇవే నియమాలు పెట్టాం. పీడీ సార్ అడ్డు చెప్పారు గానీ, వాళ్లకీ జరుగుతాయని యూజీసీ నిబంధనలే ఒప్పుకుంటున్నాయి. వాళ్ల నోటి నుంచి ఆ మాట రావడం ఇంకా కష్టం.

సెకండియర్ అమ్మాయి చదువు ఆపలేదు. పరుగు ఆపేసింది. మళ్లీ మొదలుపెడతావా అని అందరూ అడుగుతారట, అది విసుగ్గా ఉంటుందట. బోటనీలో ఎమ్మెస్సీ చేస్తానంటోంది.

రిపోర్టు ఇచ్చిన ఆరు నెలలకి, ఎవరూ పిలవకపోయినా, ఆ కాలేజీకి వెళ్లాను. 2014 తర్వాత మిషిగన్‌లో ఎవరూ చేయని పని అదే కదా. బోర్డు మీద కొత్త పేర్లు, పనిచేసే నంబరు. కిట్ గది తలుపుకి గడియ ఉన్న చోట నాలుగు మేకు బెజ్జాలు, వాటి చుట్టూ కొంచెం లేత రంగు చెక్క. నోటీసు బోర్డు మీద ట్రయల్ టైమింగులు, మూడు సంతకాలు. ప్రయాణాల రిజిస్టరు చూపించమన్నాను. ఆగస్టు దాకా చక్కగా నింపారు: తేదీ, ఊరు, బెర్తులు, తోడు వెళ్లిన మేడమ్ సంతకం. ఆ తర్వాతి పేజీలు ఖాళీ. సెప్టెంబరులో జట్టు రెండు మీట్‌లకి వెళ్లొచ్చిందని వరండాలో తగిలించిన ఫొటోలే చెబుతున్నాయి. తోడు ఎవరు వెళ్లారని అడిగితే కొత్త పీడీ రాసే పెట్టామని, ఆ కాగితాలు బీరువాలో ఉన్నాయని చెప్పి తాళం చెవి తేవడానికి వెళ్లాడు. ఆయన కుర్చీ పక్క బల్ల మీద నేను కూర్చున్నాను.